ఎడం చేతి రొట్టె

కొమ్మరాజులంక,
రావులపాలెం దగ్గర,
ఆగస్టు 6, 2024

ప్రియమైన జానకిరామ్‌కి,

నేను చెబుతుంటే తబిత రాస్తోంది. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని మురిసిపోకు, నావి కావు.

రాజమండ్రి ఆసుపత్రికి నువ్వు వచ్చినప్పుడు నేను సరిగా మాట్లాడలేకపోయాను. ఇప్పుడు మాట తిరిగి వచ్చింది. కాస్త తడబడుతుంది గానీ ప్రసంగానికి పనికొస్తుంది. కుడి కాలు ఈడ్చుకుంటూ చర్చి దాకా నడుస్తున్నాను. కుడి చెయ్యి మాత్రం రాలేదు. ఈ పక్షవాతం ఇంత దెబ్బ కొట్టాక ఆ చెయ్యి మళ్ళీ పనిలోకి రావడం కష్టమని డాక్టరు గారు తబితతో అన్నారట. నాతో అనలేదు.

మా సంఘపెద్దలు మొన్న ఇంటికి వచ్చారు. చిట్టియ్య గారు అందరి తరఫునా మాట్లాడారు. ఆయన మంచివాడే, నేను ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ తబితకి క్యారేజీ పంపించింది వాళ్ళింటి నుంచే. ప్రసంగం కుర్చీలో కూర్చుని చెప్పినా వింటాం గానీ, ప్రభువు బల్ల దగ్గర రొట్టె అందించే చెయ్యి లేకపోతే పాస్టరు ఉండి ఏం లాభం అన్నారు. అన్న తర్వాత ఆయనే నొచ్చుకున్నారు. ప్రస్తుతానికి ప్రతి నెలా మొదటి ఆదివారం పక్క ఊరి పాస్టరు జాషువా గారు వచ్చి ప్రభు భోజన సంస్కారం ఇచ్చి వెళతారు. వచ్చే జనవరికి నేను ఇవ్వగలిగితే సరే. లేకపోతే కొత్త పాస్టరును పంపమని పైవాళ్ళకి రాస్తారు. అంటే నేను ముందుగానే రిటైరై, ఇన్నేళ్ళు కాపురం చేసిన ఈ చర్చి ఇల్లు ఖాళీ చెయ్యాలి.

కుడి చెయ్యి రాదు. ఎడం చేత్తో రొట్టె ఇవ్వడం జరిగే పని కాదు. ఎవరికైనా అరటిపండు ఎడం చేత్తో ఇస్తేనే మొహం చిట్లించుకుంటారు. అలాంటిది దేవుని బల్ల దగ్గర ఆ చెయ్యి ఎలా చాపను? అందుకే మనసులో సామాన్లు సర్దేసుకున్నాను. నీకు చెప్పుకుంటే బరువు తగ్గుతుందని రాయిస్తున్నాను. ఒకసారి ఫోన్ చెయ్యి.

నీ
డేనియల్

అన్నయ్య గారికి నమస్కారం. ఈ కింది మాటలు ఆయన చెప్పినవి కావండి, నావి. రావులపాలెంలో ప్రిస్కిల్లా అనే ఫిజియోథెరపీ అమ్మాయి రోజూ ఎడం చేత్తో ఒక పేజీ రాయమంది, ఆ చేత్తోనే అన్నం తినమంది. ఈయన రెండూ చెయ్యడం లేదు. నేను స్పూనుతో పెడితే తింటున్నారు. ఎడం చెయ్యి కంచం దగ్గరికి వస్తే తనే వెనక్కి లాక్కుంటున్నారు. మీరు చెబితే వింటారని నా ఆశ. — తబిత


పల్లిపాలెం, అంతర్వేది,
ఆగస్టు 13

ఒరేయ్ డేనియలూ,

ఫోన్ చెయ్యను. నువ్వు చేసినా ఎత్తను. డేనియల్ మావయ్య నంబరు కనిపిస్తే మోగి మోగి ఆగిపోనివ్వమని మా అమ్మాయి వీరదుర్గకి కూడా చెప్పాను. నాతో మాట్లాడాలంటే ఉత్తరం రాయి, అదీ నీ ఎడం చేత్తో రాయి. చెల్లెమ్మ దస్తూరీ చాలా బావుంది, కానీ నేను చదువుకున్నది ఆవిడతో కాదు.

రాజోలు హాస్టల్లో నాలుగేళ్ళు నా పక్కన కూర్చుని తిన్నావు. నేను ఏ చేత్తో తినేవాణ్ణో నీకు గుర్తుండే ఉంటుంది. చిన్నప్పుడు మా అమ్మ తలుపులమ్మ నా ఎడం చేతికి వేపనూనె రాసేది. నోట్లో పెట్టుకోగానే చేదు తగిలి కుడి చెయ్యి అలవాటవుతుందని ఆవిడ ఆలోచన. చివరికి నాకు వేపనూనె అలవాటైంది.

మా రేవులో పుర్రచేతివాడి దగ్గర పొద్దున్నే బోణీ చెయ్యరు. పడవ ఇంజన్ నేను బాగుచేస్తే పనికి వంక పెట్టరు, మొదటి బేరం దగ్గర మాత్రం కుడి చెయ్యి చాపమంటారు. సరే అని చాపుతాను. ఆ తర్వాత రోజంతా నా ఇష్టం. వాళ్ళ పడవలన్నీ సముద్రం మీదికి వెళ్ళేది ఈ ఎడం చెయ్యి బిగించిన నట్లతోనే. ఇప్పటిదాకా ఎవడూ ఈదుకుంటూ తిరిగి రాలేదు.

నీ ఎడం చెయ్యి చవటది కాదురా. పుట్టిన దగ్గర్నుంచి కడుక్కోవడానికి తప్ప దాన్ని ఎవరూ ఏ పనీ అడగలేదు. అడగని చేతికి పని ఎలా వస్తుంది? నువ్వేమో అడగకుండానే రాదని తీర్పు చెప్పేశావు. ప్రసంగాలు చెప్పి చెప్పి నీకు తీర్పులు అలవాటయ్యాయి.

ఒక్క లైను రాయి. తప్పులున్నా సరే, వంకరగా ఉన్నా సరే. రాకపోతే మాత్రం నీకూ నాకూ మాటల్లేవు.

జానకి

చెల్లెమ్మా, స్పూను దాచెయ్.


కొమ్మరాజులంక,
ఆగస్టు 30

జానకీ,

ఇది నా చెయ్యే.
గంట పట్టింది.
చాలా?

డే


పల్లిపాలెం,
సెప్టెంబరు 5

ఒరేయ్,

చాలదు. కానీ ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. షెడ్డుకి వచ్చిన ప్రతివాడికీ చూపించాను. తడి ఇసుక మీద పీత నడిచిన జాడలా ఉంది, అయినా అన్నీ చదవగలిగాను. ‘గంట’ అన్న మాట దగ్గర కాగితం చిరిగింది. అక్కడ నీకు కోపం వచ్చినట్టుంది.

రెండు సంగతులు చెబుతాను, పుర్రచేతివాడిగా నాకు ఇవే తెలుసు. ఒకటి, కాగితాన్ని నువ్వు ఇన్నాళ్ళూ వంచిన వైపు కాకుండా రెండో వైపు వంచి పెట్టుకో. నీ కుడి చేతిని ఎత్తి దాని మీద పెట్టు. కదలని చెయ్యి కాగితం ఎగరకుండా పట్టుకుంటుంది, దానికీ ఒక ఉద్యోగం ఇచ్చినట్టు ఉంటుంది. రెండోది నా అనుమానం. నీ పాత దస్తూరీ ఎదురుగా పెట్టుకుని అచ్చం అలాగే దిద్దుతున్నావు కదూ? నా పేరులో ‘జ’ చూస్తేనే తెలిసిపోయింది, హాస్టల్లో నువ్వు వేసిన తోకే దానికీ తగిలించబోయావు. మానెయ్. ఎడం చెయ్యి కుడి చేతికి నకలు కాదు. దాని దస్తూరీ ఎలా ఉంటుందో నీకూ తెలియదు, నాకూ తెలియదు. అది రాశాక చూద్దాం.

అన్నం తింటున్నావా? తబిత చేత అబద్ధం రాయించకు.

ఇక్కడ మా ఇంట్లో ఒక తమాషా. వీరదుర్గకి డిగ్రీ అయిపోయింది. ఇప్పుడు షెడ్డులో నా పక్కన కూర్చుని ఇంజన్ పని నేర్చుకుంటానంటోంది. నవ్వొచ్చింది నాకు. బోల్టులు ఎవరైనా విప్పుతారు. నడుస్తున్న ఇంజన్ చప్పుడు విని లోపల జబ్బు ఎక్కడుందో చెప్పడం వేరే సంగతి. ఆ చెవి పుట్టుకతో రావాలి, ఆడపిల్లకి ఎక్కడినుంచి వస్తుంది? రాజోలు వెళ్ళి కంప్యూటర్ కోర్సులో చేరమన్నాను. అప్పటి నుంచి మొహం ముడుచుకుని తిరుగుతోంది. నువ్వు ఒక మంచి మాట రాయి, మావయ్య మాటంటే దానికి గురి.

జానకి


కొమ్మరాజులంక,
సెప్టెంబరు 29

జానకీ,

ఈ ఉత్తరం రోజుకి కాస్త చొప్పున రాశాను. ఒక్కో పేరా ఒక్కో వాలులో ఉంటే ఆశ్చర్యపోకు.

నీ అనుమానం నిజమే. పాత ప్రసంగాల కాగితాలు ఎదురుగా పెట్టుకుని దిద్దేవాణ్ణి. ప్రతి అక్షరానికీ నాకు నేనే సున్నా వేసుకునేవాణ్ణి. ప్రిస్కిల్లా కూడా చూసి ఇదే అంది, నీ కంటే మర్యాదగా. “పాత చెయ్యి ఎలా రాసేదో వదిలెయ్యండి అంకుల్. ఈ చెయ్యి పోయిన వారం కంటే బాగా రాసిందా లేదా, అదొక్కటే చూసుకోండి.” ఆ కాగితాలన్నీ తబిత అటక మీద పడేసింది. వాటిని చూడకుండా రాయడం మొదలుపెట్టాక చెయ్యి కాస్త తేలికపడింది. నా ‘జ’కి ఇప్పుడు తోక లేదు, గమనించు.

తింటున్నాను. తలుపు వేసుకుని తింటున్నాను. మొదటి రోజు పప్పన్నం ముద్ద ముక్కుకి తగిలింది. తబిత నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. తర్వాత నేనూ నవ్వాను. ఆసుపత్రి నుంచి వచ్చాక మా ఇంట్లో నవ్వు వినపడడం అదే మొదలు.

ఇంతవరకు నీ గొప్ప. ఇక విను. మొన్న చిట్టియ్య గారు చర్చి తాళంచెవి కోసం వచ్చారు. ఎడం చేత్తో ఇవ్వబోయాను. ఆయన చెయ్యి చాపలేదు. “అక్కడ బల్ల మీద పెట్టండి అయ్యగారూ” అన్నారు. మర్యాదగానే అన్నారు. నేను పెట్టాను, ఆయన తీసుకుని వెళ్ళిపోయారు. అంత సిగ్గు నాకు పక్షవాతం వచ్చిన రోజు కూడా వెయ్యలేదు, నలుగురూ ఎత్తి ఆటోలో పడుకోబెట్టినప్పుడు కూడా.

తాళంచెవికే ఇలా ఉంటే రొట్టె సంగతి నువ్వే చెప్పు. రాయడం నేర్చుకుంటాను. తినడం నేర్చుకుంటాను. అవి నా చేతిలో ఉన్నవి. ఇవ్వడం అలా కాదు, అది పుచ్చుకునేవాళ్ళ మనసులో ఉంటుంది. దానికి కాగితం వంచడం లాంటి చిట్కా నీ దగ్గర లేదు.

వీరదుర్గకి మంచి మాట రాయమన్నావు. రాయను. నీకు రాస్తాను. నా చెయ్యి చవటది కాదు, దాన్ని ఎవరూ పని అడగలేదన్నావు. అడగకుండానే తీర్పు చెప్పేశానని నన్ను దెప్పావు. మరి నీ కూతురి చెవిని నువ్వు ఏం అడిగావు? పుట్టుకతో రావాలని ఎవరు చెప్పారు నీకు? నాకు ఒక న్యాయమూ ఆ పిల్లకి ఒక న్యాయమూనా? నాకు రాసిన ఉత్తరం ఒకసారి దానికి చదివి వినిపించు, దాని మొహంలోకి చూస్తూ చదువు. ఆ తర్వాత కంప్యూటర్ కోర్సు గురించి మాట్లాడదాం.

చెయ్యి నొప్పెడుతోంది. కోపంతో గట్టిగా నొక్కి రాశాను.

డేనియల్


పల్లిపాలెం,
అక్టోబరు 24

డేనియలూ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. కోపం వచ్చి జవాబు రాయలేదు. మా ఇంటి సంగతి నీకెందుకని ఒకటి రాసి, చించేశాను. నువ్వు అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. నిజానికి నా కోపం అందుకే.

మొత్తానికి పిల్లని షెడ్డులోకి పిలిచి స్క్రూడ్రైవర్ ఇచ్చాను. దాని మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి ఆనించుకుంటే లోపలి చప్పుళ్ళు విడివిడిగా తెలుస్తాయి. మా పనిలో డాక్టరు గొట్టం అదే. ఏం వినిపిస్తోందని అడిగాను. “ఏమీ తెలియట్లేదు నాన్నా, అంతా రొదే” అంది. చూశావా, నేను చెప్పానా అని నీకు రాద్దామని కాగితం కూడా తీశాను. తీరా రాయబోతే మా పాత మేస్త్రి గుర్తొచ్చాడు. ఆయన దగ్గర మొదటి ఏడాదంతా నాకూ రొదే వినిపించింది. తిట్టేవాడు, తలమీద మొట్టేవాడు, కానీ నీకు చెవి లేదు పొమ్మని ఎప్పుడూ అనలేదు. అనుంటే నేను ఈరోజు రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉండేవాణ్ణి. పిల్లని రోజూ రమ్మన్నాను. నాకింకా నమ్మకం కుదరలేదు, అబద్ధం ఆడను. అయినా రమ్మన్నాను.

ఇక నీ తాళంచెవి. నువ్వు ఎలా ఇచ్చావో నాకు ఇక్కడినుంచే కనపడుతోంది. చెయ్యి సగం చాపి, తల వంచుకుని, దొంగసొత్తు అప్పజెప్పినట్టు ఇచ్చి ఉంటావు. సగం చాపిన చేతి నుంచి ఎవరూ ఏదీ పుచ్చుకోరు, అది కుడిదైనా సరే. షెడ్డు పెట్టిన కొత్తలో నేను ఎవరికి ఏది అందించినా “ఎడం చెయ్యండీ, ఏమీ అనుకోకండి” అనేవాణ్ణి. అందరూ అనుకునేవాళ్ళు. ఆ మాట మానేశాక సగం మంది చేతి వంక చూడడమే మానేశారు. మిగతా సగం మంది ఇప్పటికీ చూస్తారు. వాళ్ళకి బల్ల మీదే పెడతాను. వాళ్ళూ బతుకుతున్నారు, నేనూ బతుకుతున్నాను.

పుచ్చుకునేవాళ్ళ మనసు అన్నావు. ఎవరినైనా అడిగావా? చిట్టియ్య గారి తాళంచెవి ఒక్కటి పట్టుకుని ఊరందరి మనసూ చదివేశావా? నా కూతురి చెవిని అడగలేదని నన్ను కడిగేశావు. మీ ఊరిని నువ్వు అడుగు.

జానకి


కొమ్మరాజులంక,
డిసెంబరు 9

జానకీ,

అడిగాను. అడగడానికి నెల పైనే ధైర్యం కూడదీసుకున్నాను. తబిత భుజం పట్టుకుని ఇంటింటికీ వెళ్ళాను. జనవరిలో ఎడం చేత్తో రొట్టె ఇస్తే పుచ్చుకుంటారా అని సూటిగానే అడిగాను. కుర్రాళ్ళు నా ప్రశ్నే అర్థం కానట్టు చూశారు. దీవెన అనే అమ్మాయి, నర్సింగ్ చదువుతోంది, సెలైన్ ఎక్కించేటప్పుడు ఏ చెయ్యి అని ఎవరు చూస్తారండి అంది. పెద్దవాళ్ళలో కొందరు ముందు కుడి చెయ్యి బాగవ్వాలని ప్రార్థన చేద్దాం అన్నారు. అది కాదనడమో అవుననడమో నాకు తెలియలేదు. ఇద్దరు ముగ్గురు సూటిగానే వద్దన్నారు. సంపూర్ణమ్మ అని ఒక పెద్దావిడ ఉంది, పొలం పనికి వెళ్ళి వెళ్ళి నడుం వంగిపోయింది. చర్చిలో ఎప్పుడూ గోడ వారన చివర కూర్చుంటుంది. ఆవిడ అంది: “మా వంతు వచ్చేసరికి నేను కళ్ళు మూసుకునే ఉంటాను అయ్యగారూ. ఏ చెయ్యో నాకేం తెలుస్తుంది.”

మొత్తం మీద నేను భయపడినంత లేదు. నేను ఊహించుకున్న ఊరు వేరు, ఈ ఊరు వేరు.

చిట్టియ్య గారు మళ్ళీ తాళంచెవికి వచ్చారు. ఈసారి మోచెయ్యి పూర్తిగా చాపి ఇచ్చాను, ఆయన కళ్ళలోకి చూస్తూ. ఒక్క క్షణం ఆగారు. పుచ్చుకున్నారు. ఇద్దరం ఆ సంగతి మాట్లాడుకోలేదు, వర్షాల గురించి మాట్లాడుకున్నాం.

రోజూ సాయంత్రం ఖాళీ చర్చిలో సాధన చేస్తున్నాం. మా సంస్కారపు రొట్టె పల్చటి చిన్న బిళ్ళలా ఉంటుంది, వేళ్ళకి ఒక్కటి దొరకడమే కష్టం. సాధనకి తబిత ఒక ఉపాయం కనిపెట్టింది, రావులపాలెం అరటికాయ చిప్స్. పళ్ళెం తను పట్టుకుంటుంది. నేను ఒక్కొక్క చిప్ తీసి, బల్ల ముందున్న కటకటాల వారన మోకరించినవాళ్ళు ఉన్నట్టే అనుకుని, గాలిలో వాళ్ళ అరచేతుల్లో పెడతాను. మొదట్లో చర్చంతా చిప్సే. అంటే కిందపడినవి. ఇప్పుడు తక్కువ పడుతున్నాయి. పడనివి తబిత తినేస్తోంది.

కానీ చెయ్యి కుదిరాక కాలు అడ్డం వచ్చింది. మా దగ్గర మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క మోకరిస్తారు. మగవాళ్ళ వైపు నుంచి మొదలుపెట్టి ఆడవాళ్ళ వైపుకి ఇచ్చుకుంటూ వెళ్ళడం మొదటి నుంచీ అలవాటు. అలా వెళ్ళాలంటే నేను కుడి కాలు ముందు వెయ్యాలి, అది నన్ను మొయ్యదు. రెండుసార్లు పడబోయాను, తబిత పళ్ళెం వదిలేసి నన్ను పట్టుకుంది. ఇక అయిపోయింది అనుకున్నాను జానకీ. ఇంత చేసి ఇక్కడ ఆగిపోయింది కదా అని ఆ బల్ల ముందే కూర్చుని ఏడ్చాను. తబిత చిప్స్ ఏరుతూ, “అటు నుంచి రండి” అంది. ఎటు నుంచి అన్నాను. ఆడవాళ్ళ వైపు చూపించింది.

అటు నుంచి ఎడం కాలు ముందు పడుతుంది. చెయ్యీ అటే తిరుగుతుంది, పళ్ళెమూ చేతికి అందే పక్కనే ఉంటుంది. ఒక్క చిప్ పడలేదు. ఇన్ని వారాలూ నేను చేసిన తప్పేంటో అప్పుడు తెలిసింది. ఎడం చేతికి పని ఇచ్చాను గానీ కుడి చేతి దారిలోనే నడిపించాను.

పెద్దల మీటింగులో ఈ సంగతి చెప్పాను. ఎడం చెయ్యి అనగానే గొడవవుతుందనుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. ఆడవాళ్ళ వైపు నుంచి మొదలవుతుందనగానే అందరూ ఒకేసారి లేచారు. చిట్టియ్య గారు, “ఎడం చేత్తో ఇవ్వండి అయ్యగారూ, పుచ్చుకుంటాం. కానీ ఆడవాళ్ళ తర్వాత మేమా?” అన్నారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మగవాళ్ళు ముందని ఏ నియమంలో ఉందో చూపించమన్నాను. ఎవరి దగ్గరా లేదు. మా తాతల నుంచీ అంతే అన్నారు. మీ తాతలు ఎడం చేతివాణ్ణి పాస్టరుగా ఒప్పుకునేవాళ్ళా అని అడిగాను. అయినా ఒప్పుకోలేదు. ఆ ఆదివారం వరస మారితే మగవాళ్ళు లేవరేమోనని ఒకాయన అన్నాడు. మగవాళ్ళు రాకపోతే నేను ఇచ్చినట్టు కాదు, ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే.

భయంగానే ఉంది. కానీ ఇది ఆగస్టులో ఉన్న భయం కాదు. అప్పుడు రాదని భయం. ఇప్పుడు వచ్చినదాన్ని చెయ్యనివ్వరేమోనని భయం. ఇదే నయం.

వీరదుర్గ ఎలా ఉంది? అది రాయకుండా వేరే కబుర్లు రాయకు.

డేనియల్


పల్లిపాలెం,
డిసెంబరు 19

ఒరేయ్ డేనియలూ,

నీ ఉత్తరం వీరదుర్గకి చదివి వినిపించాను. చిట్టియ్య గారి మాట దగ్గర అది పడీ పడీ నవ్వి, ఆగి నా వంక చూసింది. నేను తల తిప్పుకున్నాను.

పిల్ల సంగతి అడిగావు కాబట్టి రాస్తున్నాను. మొన్న పల్లంరాజు గారి పడవ ఇంజన్ వచ్చింది. నేను విన్నాను, జబ్బు తెలిసింది, నోరు మూసుకుని స్క్రూడ్రైవర్ దానికి ఇచ్చాను. చాలాసేపు విని, పంపు పోయింది నాన్నా అంది. పంపు కాదు, బేరింగు. తప్పే చెప్పింది. కానీ చప్పుడు ఏ మూల నుంచి వస్తోందో వేలు పెట్టి సరిగ్గా చూపించింది. అక్కడ పంపూ బేరింగూ పక్కపక్కనే ఉంటాయి. పోయిన నెల దాకా దానికి అంతా రొదే. నాకు ఏదోలా అయిపోయింది, టీ తాగొస్తానని బయటికి వెళ్ళిపోయాను. తిరిగి వచ్చేసరికి తనే బేరింగు విప్పుతోంది. మీ అమ్మాయా అని పల్లంరాజు గారు అడిగితే, అవును, పని నేర్చుకుంటోంది అన్నాను. అలా అన్నది అదే మొదటిసారి. అది విన్నట్టుంది, తల ఎత్తలేదు.

జనవరి ఆదివారం నన్ను రమ్మంటావేమో, రాను. నేను వస్తే నువ్వు నా చెయ్యి వంక చూస్తూ నీ చెయ్యి సంగతి మర్చిపోతావు. మగవాళ్ళు లేవకపోతే లేవకపోనీ. నువ్వు మాత్రం సగం చెయ్యి చాపకు.

మీ ఇంటిల్లిపాదికీ క్రిస్మస్ శుభాకాంక్షలు. వీరదుర్గ ఎండు రొయ్యలు పంపుతోంది. చిప్స్ మాకూ కొన్ని పంపు, కింద పడనివి.

జానకి


కొమ్మరాజులంక,
జనవరి 6, 2025

జానకీ,

ఇల్లు ఖాళీ చెయ్యనక్కర్లేదు. ముందు ఆ మాట చెప్పి ఊపిరి పీల్చుకుని మిగతాది రాస్తాను.

నిన్న చర్చి నిండిపోయింది. నెలల తరబడి రానివాళ్ళు కూడా వచ్చారు, అయ్యగారు ఏం చేస్తారో చూద్దామని. జాషువా గారు కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు, నేను చెయ్యలేకపోతే లేవడానికి. ప్రసంగం ఏం చెప్పానో నాకు గుర్తులేదు. బాగానే చెప్పారంది తబిత, ఆవిడ ఎప్పుడూ అలాగే అంటుంది.

రెండు బిళ్ళలు కింద పడ్డాయి. దీవెన ఏరి ఇచ్చింది. ఒకరి చేతిలో పెట్టబోయి చీర అంచు మీద పెట్టాను. వద్దన్న ఇద్దరు ముగ్గురిలో ఒకాయన బెంచీ మీదే కూర్చుండిపోయారు. ఆయన కోసం వచ్చే నెల దాకా చూస్తాను. బల్ల మీద పెట్టి ఇవ్వడం మాత్రం చెయ్యను, నీ పద్ధతి ఇక్కడ కుదరదు. మిగతా మగవాళ్ళందరూ వచ్చారు. ఆరాధన అయ్యాక చిట్టియ్య గారు గుమ్మం దగ్గర నిలబడి, ఇంతసేపు మోకాళ్ళ మీద ఉండడం తన వల్ల కాలేదనీ, ఇన్నేళ్ళూ ఆడవాళ్ళు ఎలా ఉన్నారోననీ అన్నారు. కొత్త పాస్టరు కోసం రాయబోమని ఆ తర్వాత చెప్పారు, చెప్పులు వేసుకుంటూ, ఏదో చిన్న సంగతి చెప్పినట్టు.

నీకు చెప్పాలని రాత్రంతా దాచుకున్నది ఇంకొకటి ఉంది.

అందరూ మోకరించారు. మగవాళ్ళు కూడా లేచి వచ్చి అటు పక్క మోకరించారు, కానీ వాళ్ళ మొహాలు చూస్తే ఏ క్షణాన లేచిపోతారో తెలియడం లేదు. నేను ఆడవాళ్ళ వైపు చివరికి, గోడ దాకా నడిచాను. తబిత పళ్ళెం పట్టుకుంది. గోడ వారన మొదట ఉన్నది సంపూర్ణమ్మ. ఆవిడ ఈ చర్చిలో ఎప్పుడూ అందరి కంటే చివర పుచ్చుకున్న మనిషి. తన వంతుకి ఇంకా చాలాసేపు ఉందనుకుని చేతులు ముడుచుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. నేను బిళ్ళ తీసి పట్టుకుని నిలబడ్డాను. వాక్యం చెప్పాను. ఆవిడ కదల్లేదు. నా చెయ్యి గాలిలోనే ఉంది. ఇదేంటి, పుచ్చుకోవడం లేదా అని నా ప్రాణం పోయినంత పనైంది.

“సంపూర్ణమ్మా” అని పిలిచాను.

కళ్ళు తెరిచింది. నన్ను చూసింది, బిళ్ళని చూసింది. చెయ్యి వంక చూడనే లేదు.

“ముందు నేనా అయ్యగారూ?”

“మీరేనమ్మా.”

ఆవిడ నమ్మలేదు. మెల్లగా మెడ తిప్పి అటు చివర మోకరించిన మగవాళ్ళ వైపు చూసింది, ఏదో తప్పు జరుగుతోంది, ఎవరైనా ఆపుతారన్నట్టు. అందరూ చిట్టియ్య గారి వంక చూశారు. నేనూ చూశాను. ఆయన గోడ వైపు తల తిప్పారు.

“పుచ్చుకో సంపూర్ణమ్మా. మేం ఉంటాం” అన్నారు.

ఆవిడ ఇటు తిరిగి రెండు అరచేతులూ విప్పింది. ఆ చేతులు చూస్తుంటే నాకు కళ్ళు మసకబారాయి, ఏమీ కనపడలేదు. బిళ్ళ కింద పడేస్తానేమోనని భయం వేసింది. కళ్ళు తుడుచుకుని చూసేసరికి ఆవిడ చేతులు నోటి దగ్గర ఉన్నాయి, నా వేళ్ళు ఖాళీగా ఉన్నాయి. అన్ని వారాలు ఒక్కొక్క చిప్‌కీ తియ్యి, చాపు, వదులు అని చెప్పుకుంటూ చేసినవాణ్ణి, అప్పుడు మాత్రం ఆ చేతికి నేనేమీ చెప్పలేదు జానకీ. అదే ఇచ్చేసింది.

డేనియల్